గురువారం నాలుగు గంటల కొలత

చిరంజీవి మా మనవరాలికి,

అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. క్షేమమంటే ఈ వారం ఎవరూ జారిపడలేదు, మీ తాతగారు కళ్లజోడు రెండుసార్లే పోగొట్టుకున్నారు, రెండుసార్లూ అది ఆయన నెత్తిమీదే దొరికింది. నీ క్షేమం తెలియజేయమని అడగడం ఆనవాయితీ. పోయిన ఉత్తరంలో నువ్వు నాలుగు పేజీల నిండా నీ అక్షేమమే తెలియజేశావు కనుక ఆ మాట అడగను. నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తాను.

మోకాలు ఎలా ఉందన్నావు. ఉంది. మెట్లు దిగేటప్పుడు ఉందని బాగా తెలుస్తోంది.

మీ అమ్మకు చెప్పొద్దన్నావు. చెప్పలేదు. కానీ అది నా కడుపున పుట్టిన పిల్ల. నువ్వు ఫోనులో ముఖం చూపించకుండా మాట్లాడటం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. "దాని ఫోను కెమెరా పాడైందటమ్మా, బాగుచేయించుకోదేం?" అని నాతో రెండుసార్లు అంది. రెండోసారి అనేటప్పుడు నా ముఖంలోకి చూస్తూ అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అబద్ధం చెప్పలేదు, అంతవరకే నా గొప్ప.

ఈ సెలవులకూ రానన్నావు, ఆఫీసులో పని ఎక్కువన్నావు. ఇది మూడోసారి. దీని సంగతి చివర్లో మాట్లాడతాను. కష్టమైన లెక్క చివరికి వదిలెయ్యమని నలభై ఏళ్లు బడిపిల్లలకు చెప్పాను. అది మంచి సలహాయేనా అని ఈమధ్య అనుమానం వస్తోంది.

ఇక అసలు ప్రశ్న. ఇరవై ఆరు కిలోలు తగ్గావు, ఎనిమిది తిరిగొచ్చాయి, మిగతావీ దారిలో ఉన్నాయని నీ భయం. "తగ్గి నిలబెట్టుకున్న ఆడమనిషిని ఒక్కరిని చూపించు అమ్మమ్మా, ఒక్కరిని" అని రాశావు. ఆ వాక్యం దగ్గర కలం కాగితాన్ని చింపింది. సరే, చూపిస్తాను. మన వీధి చివర తాళంచెవులు చేసేవాడి కొట్టు పక్కన కుట్టుమిషను కొట్టు ఉంది చూడు, ఆవిడ. మెడలోంచి టేపు తియ్యదు కాబట్టి వీధి మొత్తానికి టేపక్క. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు. నోట్లో ఏమీ లేకుండానే నసిగే మనుషులతో నలభై ఏళ్లు పనిచేసినదాన్ని, నాకా ఒక్క విద్యకే గౌరవం కలిగింది.

నా కోటు లోపలి అస్తరు చిరిగితే కుట్టించుకోవడానికి వెళ్లాను. కూర్చున్న అరగంటలో ఆవిడ చరిత్ర అంతా రాబట్టాను, నా సంగతి నీకు తెలుసు కదా. తొమ్మిదేళ్ల కిందట ముప్పై కిలోలు తగ్గిందట. ఆ కొత్తలో ఊళ్లో సన్నబడిన ఆడవాళ్లంతా ఆవిడ దగ్గరికే వచ్చి దుస్తులు బిగించుకున్నారట, చెయ్యి మంచిదని. అప్పుడు ఆవిడ ఒకటి గమనించింది.

"కుట్టు బిగించుకోడానికి పట్టపగలు వస్తారు టీచరుగారూ, చేతిలో కేకు పెట్టెతో. ఏడాది తిరిగాక అదే కుట్టు విప్పించుకోడానికి, నేను షట్టరు సగం దించాక వస్తారు. వంగి లోపలికొస్తారు. ఆ వంగడం షట్టరు కోసం కాదు."

అలా వంగి వచ్చినవాళ్లను ఆరుగురిని చూశాక ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. తగ్గినావిడ ఎవరైనా దుస్తులు బిగించమని వస్తే, ముందు ఒక ఒప్పందం. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి కొట్టుకొచ్చి నడుము కొలత ఇవ్వాలి, రెండేళ్లపాటు. ఒప్పుకోకపోతే కత్తెర ముట్టుకోదు. "పక్క వీధిలో ఇంకో దర్జీ ఉన్నాడు, చాలా మంచివాడు, ఏమీ అడగడు" అంటుంది. బేరం పోతుందేమో అన్నాను నేను. పోతుందండీ అంది, ఇస్త్రీ చేసుకుంటూ.

కొలత అంటే అంకెలు కావు. ఒక్కొక్కరికీ ఒక తెల్ల రిబ్బను. మొదటి రోజు నడుము చుట్టూ పట్టి, అంచు వచ్చి కలిసిన చోట ఎర్ర దారంతో ఒక కుట్టు వేస్తుంది. ఆ తర్వాత ప్రతి గురువారం అదే రిబ్బను. అంచు ఎర్ర కుట్టు దాకా వస్తే సరే. ఒక వేలు ఎడం ఉంటే పట్టించుకోకూడదు, చెంబెడు నీళ్లు తాగినా ఒక వేలు పెరుగుతుంది. రెండు వేళ్లు అయితే మాత్రం ఆ రోజే కూర్చుని మాట్లాడాలి. వచ్చే వారం చూద్దామనడానికి లేదు. రెండు వేళ్లప్పుడు దింపుకోవడం ఒక నెల పని, పది వేళ్లప్పుడు ఒక జన్మ పని అంటుంది.

ఆ మాట్లాడటం కూడా వినదగ్గది. ఏం తిన్నావని అడగదు. ఈ వారం నీ ఇంట్లో ఏం మారిందని అడుగుతుంది. కవలల తల్లి ఒకామె ఉంది, పిల్లలు కంచాల్లో వదిలేసింది పారెయ్యలేక తాను తింటున్నానని ఒప్పుకుంది.

"మీ ఇంట్లో చెత్తబుట్ట లేదా?" అంది టేపక్క.

"ఉందక్కా."

"మరి దాని పని నీకెందుకు? వాళ్లకు పెట్టేటప్పుడే సగం పెట్టు. కావాలంటే వాళ్లే అడుగుతారు, నోళ్లున్నాయిగా, రెండు."

నెలకోసారి ఆరోగ్య కేంద్రం నర్సు కూడా వచ్చి కూర్చుంటుంది. తగ్గిన ఒంటికి ఆకలి మామూలుకంటే ఎక్కువవుతుందట, పోయిన బరువును వెనక్కి తెచ్చుకోవాలని ఒళ్లే పట్టుబడుతుందట. అంటే ఈ యుద్ధంలో శత్రువు మన కంచంలోనే కాదు, మన చర్మం కిందే ఉన్నాడన్నమాట. నీ ఉత్తరంలో "నాకు మనోబలం లేదు" అని రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. తగ్గుతున్నప్పుడు అందరూ మెచ్చుకుంటారు. నిలబెట్టుకుంటున్నప్పుడు ఎవరు మెచ్చుకుంటారు? నిన్న ఉన్నట్టే ఇవాళా ఉన్నావు, ఆహా అని ఎవరైనా అంటారా? టేపక్క కొట్టులో మాత్రం రిబ్బను కదలని వాళ్లకే చప్పట్లు. చదివితే పిల్లచేష్టలా ఉంటుంది. పన్నెండు మంది ఆడవాళ్లు దారం ముక్కల మధ్య నిలబడి చప్పట్లు కొడుతుంటే నాకూ మొదట నవ్వొచ్చింది. మూడో వారం చూస్తే నా చేతులూ కొడుతున్నాయి.

ఎందుకు వెళుతున్నావు, నీ నడుముకేమైందని అడుగుతావు. నా నడుము ఎక్కడుందో వెతకాలంటే ముందు పురావస్తు శాఖ వాళ్లను పిలవాలి. నేను వెళ్లేది రాతపనికి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎన్ని వేళ్లు, ఏం మారింది అని ఒక పుస్తకంలో రాయాలి. టీచరుగారి చేతిరాత గుండ్రంగా ఉందని నాకప్పగించింది. పొగిడితే పడిపోయేదాన్నని రెండో రోజే కనిపెట్టింది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను.

రెండు నెలల కిందట టేపక్క అన్నగారికి గుండె ఆపరేషనైంది. ఆవిడ మూడు గురువారాలు ఆస్పత్రిలోనే ఉండిపోయింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "రిబ్బను పట్టండి, రాయండి, అంతే. సలహాలివ్వకండి" అంది. సలహాలివ్వలేదు. కానీ లెక్కల టీచరు చేతికి పన్నెండు మంది వివరాలున్న పుస్తకం ఇచ్చి వెళ్తే ఏమవుతుంది? పిల్లికి పాలగిన్నె కాపలా పెట్టినట్టే. వేలికి ఒకటిన్నర సెంటీమీటరు చొప్పున మార్చి, పెద్ద గ్రాఫు కాగితం తెచ్చి, మనిషికో గీత గీశాను. నిలకడగా ఉన్నవాళ్లకు ఆకుపచ్చ, పెరిగినవాళ్లకు ఎరుపు. తీసుకెళ్లి అద్దం పక్కన గోడకు అంటించాను. పది మందికీ కనిపిస్తే పట్టుదల వస్తుందని నా ఉద్దేశం. నా బడిలో అలాగే వచ్చేది, లేదా వచ్చిందని నేననుకునేదాన్ని.

ఎర్ర గీతలు రెండు. అందులో నిటారుగా ఉన్నది బస్సు డ్రైవరుది. ఎత్తైన మనిషి, గొంతు ఇంకా ఎత్తు, ఆవిడ నవ్వితే కొట్టులో బొత్తాల డబ్బాలు కదులుతాయి. ఇరవై రెండు కిలోలు తగ్గి, ఏడాదిన్నరగా నిలబెట్టుకున్న మనిషి. డ్యూటీ తెల్లవారుజాముకు మారినప్పటి నుంచి పెరగడం మొదలైంది. మూడు వారాల్లో నాలుగు వేళ్లు. ఆవిడ గ్రాఫు ముందు నిలబడి కాసేపు చూసింది.

"బాగా గీశారు టీచరుగారూ. మా రూట్లో కూడా ఇంత ఎత్తు లేదు" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాతి గురువారం ఆవిడ రాలేదు.

టేపక్క తిరిగొచ్చింది. గోడ చూసింది, పుస్తకం చూసింది, గ్రాఫును మెల్లగా, చిరగకుండా ఊడదీసింది. బల్లమీద తిరగేసి పరిచి, దాని వెనకవైపు ఎవరిదో కాలరు నమూనా గీసుకుని కత్తిరించేసింది. నా మూడు రోజుల పని. కత్తిరిస్తూ అడిగింది.

"మీ బడిలో పరీక్ష తప్పిన పిల్లలు మర్నాడు బడికి వచ్చేవాళ్లా?"

"రాక చస్తారా? ఇంట్లో ఊరుకుంటారా?"

"ఇక్కడికి రాకపోతే అడిగేవాళ్లెవరూ లేరు టీచరుగారూ. అందుకే రారు. తగ్గడం మానేసినందుకు ఎవరూ పాడవలేదు, రావడం మానేసినందుకు పాడయ్యారు. పెరిగినావిడే ముందు రావాలి ఇక్కడికి. మీరేమో ఆవిడనే గుమ్మం దాటించారు."

నాతో అలా మాట్లాడిన మనిషి ఈ ముప్పై ఏళ్లలో లేదు. తిరిగి ఏదో అనాలని నోరు తెరిచాను. మూసేశాను. మీ తాతగారికి చెబితే తేదీ రాసిపెట్టుకోమన్నారు.

ఆ తర్వాతి గురువారం పొద్దున తొమ్మిదింటికి టేపక్క తలుపు మీద "పదకొండింటికి వస్తాను" అని కాగితం అంటించి, నన్ను వెంటబెట్టుకుని బస్సు డిపోకు నడిచింది. రెండు ట్రిప్పుల మధ్య డ్రైవరు ఖాళీ బస్సులో తన సీట్లోనే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి చేతిలోని పొట్లం సీటు కిందికి తోసింది.

"కొలవడానికొచ్చారా? కొలవండి. మీ రిబ్బను చాలదేమో."

"నిన్ను కొలవడానికి కాదు" అంది టేపక్క. "నన్ను కొలిచేవాళ్లు లేరు. టీచరుగారికి చెయ్యి వణుకుతుంది. కాస్త పట్టుకో." తన సంచిలోంచి ఒక పాత రిబ్బను తీసి డ్రైవరు చేతిలో పెట్టి, చేతులు రెండూ పైకెత్తి నిలబడింది, పోలీసులకు దొరికిన దొంగలాగా.

డ్రైవరు రిబ్బను చుట్టింది. అంచు ఎర్ర కుట్టు దగ్గరికి రాలేదు. వేళ్లు పెట్టి చూసింది. ఒకటి, రెండు, మూడోది సగం.

"అక్కా, ఇది నీదేనా?"

"నాదే. ఆస్పత్రి కుర్చీలో మూడు వారాలు కూర్చున్నాను. డాక్టరు బయటికొచ్చి ఏం చెబుతాడోనని భయం. భయం వేసినప్పుడల్లా బిస్కెట్లు. అన్నయ్య బతికాడు, నేనిలా అయ్యాను. తొమ్మిదేళ్లలో ఇది ఎనిమిదోసారి."

"ఎనిమిదిసార్లా? మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

టేపక్క చేతులు దించింది. "అందరినీ కొలిచేది నేనే కదా. నన్ను కొలవమని ఎవరినీ అడగలేదు. అడగాల్సింది. తప్పే."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. తొమ్మిదేళ్లుగా ఊరు మొత్తం ఆదర్శంగా చెప్పుకునే మనిషి, నూనె మరకల బస్సులో నిలబడి, తన తప్పు తానే చెప్పుకుంది. నేను జీవితంలో చాలామంది పెద్దమనుషులను చూశాను, వాళ్లలో సగం మందికి నేనే పూలదండలు వేశాను. ఇంత ఎత్తున్న మనిషిని చూడలేదు.

డ్రైవరు సీటు కిందినుంచి పొట్లం తీసి మా ముందు పెట్టింది. చక్కెర పూసిన రొట్టెలు. తెల్లవారుజామున మూడింటికి లేస్తే ఇంట్లో ఏమీ తినబుద్ధి కాదట, తొమ్మిదింటికి డిపోలో దొరికేది ఇదొక్కటే. సమస్య అంతే. ఆ అంతే కోసం మనిషి తనను తాను మూడు వారాలు తిట్టుకుంది. ఇప్పుడు రాత్రే డబ్బాలో ఉడికించిన గుడ్లు, పండు పెట్టుకుని తెచ్చుకుంటోంది, ట్రిప్పుల మధ్య కండక్టరుతో కలిసి డిపో చుట్టూ నాలుగుసార్లు తిరుగుతోంది. నాలుగు వేళ్లు ఇప్పుడు మూడు. మూడే, నేను తగ్గించి రాయడం లేదు. టేపక్కను కూడా ఇప్పుడు అందరికంటే ముందు కొలుస్తున్నాం. ఆ రిబ్బను పట్టేది డ్రైవరే.

ఆ రోజు డిపోలోంచి వచ్చేస్తుంటే డ్రైవరు నన్ను వెనక్కి పిలిచింది.

"టీచరుగారూ, గ్రాఫు గురించి కాదు నేను మానేసింది. మీరు రాతపనికి వచ్చిన మొదటి రోజు పుస్తకంలోంచి తలెత్తి 'ఏడాదిన్నర నిలబెట్టావా, శభాష్' అన్నారు. నన్ను చిన్నప్పుడు కూడా టీచర్లెవరూ శభాష్ అనలేదు. అది వెనక్కి తీసుకుంటారేమోనని రాలేదు."

ఇంటికొచ్చి కోటు విప్పకుండా అలాగే కూర్చున్నాను. అప్పుడు నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. అందులో ఎనిమిది అన్న అంకె అయిదుసార్లు ఉంది. పద్దెనిమిది ఒక్కసారి కూడా లేదు. ఇరవై ఆరులోంచి ఎనిమిది తీసేస్తే ఎంతే? నా మనవరాలివి, ఈ తీసివేత తప్పకూడదు. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, ఇద్దరు మనుషుల పని ఒక్కదానివే చేస్తూ, ఒళ్లే నీ మీద తిరగబడుతుంటే, పద్దెనిమిది కిలోలు ఇంకా దగ్గరికి రానివ్వకుండా ఆపి ఉంచావు. రోజూ. ఎవరూ చప్పట్లు కొట్టకుండా. నేను ఆ పని ఒక్క రోజు కూడా చెయ్యలేను.

ఇక చివరికి వదిలేసిన లెక్క.

పోయిన ఏడాది నువ్వు సన్నబడి వచ్చి మా దగ్గర నెల రోజులున్నావు. నిన్ను వీధి వీధంతా తిప్పాను. పాలవాడికీ పోస్టుమానుకూ చూపించాను. వెళ్లే రోజు రైలు కిటికీ చువ్వలు పట్టుకుని, "ఇలాగే ఉండు. మళ్లీ లావైపోయి మాత్రం నా గుమ్మం తొక్కకు" అన్నాను. హాస్యానికన్నాను. నువ్వు నవ్వి, సరేనని తలూపావు.

ఆ తర్వాత మూడుసార్లు సెలవులొచ్చాయి. మూడుసార్లూ నీకు పని ఎక్కువైంది.

ఆ మాట నేను మరిచిపోయానని నువ్వనుకుంటావేమో. మరిచిపోలేదు తల్లీ. మొదటిసారి నువ్వు రానన్నప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా, ఈ రోజుల్లో ఆఫీసుల్లో అంతే, పీల్చి పిప్పి చేస్తారని మీ అమ్మకూ తాతగారికీ నేనే నచ్చజెబుతూ వచ్చాను. నీ ఆఫీసును ఏడాదిపాటు అన్యాయంగా తిట్టాను. నలభై ఏళ్లు పిల్లలు నా మాట వినరని గోల పెట్టినదాన్ని. ఒక్క పిల్ల అక్షరం పొల్లుపోకుండా విన్నది. అది నువ్వు, విన్నదేమో వినకూడని మాట.

హాస్యమని తప్పించుకోను. నీ ఒళ్లు చూసి గర్వపడ్డాను, నిన్ను చూసి కాదు, అక్కడుంది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోటితో అన్నదాన్ని కాగితం మీద తీసుకుంటున్నాను, దాచుకుంటావని.

రా. ఎంత ఉంటే అంతతో రా. ఏ బట్టలు పడితే ఆ బట్టల్లో రా. టేపక్క దగ్గరికి తీసుకెళ్లను, నువ్వడిగితే తప్ప. వీధిలో ఎవరికీ చూపించను, ఎవరైనా నీ గురించి ఏదైనా అంటే వాళ్ల సంగతి చూడటానికి నా నోరు ఇంకా పనిచేస్తోంది. ఇన్నాళ్లూ అది తప్పు మనిషి మీద పనిచేసింది.

ఇవాళ పొద్దున మీ తాతగారికి మొత్తం చెప్పాను. అప్పటినుంచి నాతో మాట్లాడకుండా నీ గది కిటికీకి రంగు వేస్తున్నారు. ఇప్పుడెందుకండీ అంటే, "పిల్ల వస్తుంది కదా" అన్నారు, నావైపు చూడకుండా.

టికెట్టు తీసుకోగానే ఏ రైలో రాయి. స్టేషనుకు నేనే వస్తాను. దిగగానే నన్ను తిట్టాలనిపిస్తే ప్లాట్‌ఫారం మీదే తిట్టు. జనం చూస్తే చూడనీ. ఎదురు చెప్పను. ఇంటికి చేరేదాకా చెప్పను. ఆ తర్వాత హామీ ఇవ్వలేను.

ఇట్లు,
నీ రాక కోసం నోరు కట్టేసుకుని కూర్చున్న
మీ అమ్మమ్మ